తూకానికి వచ్చిన వేడి: ఉష్ణరసాయన చరిత్రలో కొలతలు, మాటలు

కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు చల్లితే అది పగిలి, పొంగి, చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. గిన్నెలకు కళాయి పూసేవారు వాడే నవాసారాన్ని నీళ్లలో కలిపితే ఆ నీళ్లు చల్లబడతాయి. ఇవి చాలా పాతకాలం నుంచీ జనానికి అనుభవంలో ఉన్న సంగతులు. అయితే ఆ సున్నం ఎంత వేడిని ఇచ్చింది, ఈ నవాసారం ఎంత వేడిని తీసుకుంది అన్నది పద్దెనిమిదో శతాబ్ది ఉత్తరార్ధం దాకా ప్రశ్నగానైనా రూపు కట్టలేదు. 'ఎంత' అని అడగాలంటే వేడి కొలవదగిన పరిమాణమన్న ఊహ ముందు ఉండాలి. ఆ ఊహను నిలబెట్టే మాట కూడా ఉండాలి.

రసాయన చర్యల్లోని ఉష్ణ మార్పులను కొలవడం ఎలా మొదలై ఎలా స్థిరపడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రను మన పాఠ్యపుస్తకాలు ఒక సోపానపంక్తిగా చెబుతాయి: మొదట శక్తి నిత్యత్వ నియమం, దాని పర్యవసానంగా హెస్ నియమం, ఆపై ఎంథాల్పీ. కాలక్రమం చూస్తే వరుస అది కాదు. తప్పని తేలిన సిద్ధాంతాల నీడలోనే ఇక్కడ గొప్ప కొలతలు జరిగాయి. సిద్ధాంతాలు కూలినా కొలతలు నిలిచాయి. కూలిన సిద్ధాంతాలు పూర్తిగా పోకుండా పారిభాషిక పదాల్లో తలదాచుకున్నాయి. ఆ పదాలే అనువాదమై తెలుగుకు వచ్చాయి కనుక ఈ చరిత్రతో తెలుగు విభాగాలకూ పని ఉంది.

ఉష్ణం, దాని ఉగ్రత

మన తర్కశాస్త్ర సంప్రదాయంలో ఉష్ణం ఒక స్పర్శ. ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో స్పర్శను శీతం, ఉష్ణం, రెండూ కానిది అని మూడు విధాలుగా విభజించి, ఉష్ణస్పర్శను తేజస్సుకు లక్షణంగా చెప్పాడు. ద్రవ్యాలను గుణాల ద్వారా వేరుచేసి గుర్తించడం ఆ శాస్త్రం ప్రయోజనం. అందుకు స్పర్శభేదం చాలు, పరిమాణంతో పని లేదు. ఐరోపాలోనూ చాలాకాలం పరిస్థితి ఇంతకు భిన్నంగా లేదు. పదిహేడో శతాబ్దిలో థర్మామీటరు వచ్చాక కూడా అది చూపే అంకెనే వేడి మొత్తానికి గుర్తుగా భావించేవారు.

ఈ రెంటినీ స్పష్టంగా విడదీసినవాడు స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్. 1760ల ఆరంభంలో గ్లాస్గోలో బోధిస్తున్న కాలంలో ఆయన ఒక సామాన్యమైన సంగతిని ఆధారం చేసుకున్నాడు. కరిగే స్థితికి చేరిన మంచుకు మరికొంచెం వేడి తగిలితే చాలు, అంతా ఒక్కసారిగా నీరవుతుందని అప్పటి నమ్మకం. అదే నిజమైతే చలికాలం ముగిసిన మొదటి వెచ్చని రోజున కొండల మీది మంచంతా ఒక్కపెట్టున కరిగి ఊళ్లను ముంచెయ్యాలి. అలా జరగడం లేదు. మంచు వారాల తరబడి మెల్లమెల్లగా కరుగుతుంది.

దీన్ని ఆయన కొలిచిన పద్ధతి సుప్రసిద్ధం. రెండు పలుచని గాజుబుడ్లలో సమానంగా నీరు పోశాడు. ఒకదానిలోని నీటిని గడ్డకట్టించాడు, రెండోదాన్ని ఫారన్‌హీట్ మానంలో 33 డిగ్రీలకు చల్లార్చాడు. రెంటినీ 47 డిగ్రీలున్న పెద్ద గదిలో వేలాడదీశాడు. నీరున్న బుడ్డి అరగంటలో 7 డిగ్రీలు వేడెక్కి 40కి చేరింది. మంచున్న బుడ్డి అదే 40 డిగ్రీలకు రావడానికి పదిన్నర గంటలు, అంటే 21 అరగంటలు పట్టింది. గదిలోంచి వేడి రెంటిలోకీ ఒకే రేటున ప్రవేశించిందనుకుంటే మంచులోకి 21 ఏళ్ల 147 డిగ్రీలకు సరిపడే వేడి వెళ్లింది. థర్మామీటరులో కనిపించినది 8 డిగ్రీలు మాత్రమే. మిగిలిన 139 లేక 140 డిగ్రీల వేడి మంచును నీరు చేయడంలోనే ఇమిడిపోయింది. నేటి విలువ ఇదే మానంలో 144. గడియారం, థర్మామీటరు, రెండు గాజుబుడ్లు తప్ప మరే సాధనమూ లేకుండా వచ్చిన ఫలితమిది.

అలా కనిపించకుండా పోయిన వేడికి బ్లాక్ 'దాగిన వేడి' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. మనం గుప్తోష్ణం అంటున్నాం. వేడి పరిమాణం వేరు, దాని తీవ్రత వేరు అన్నది ఆయన పాఠాల సారం. ఆయన జీవించి ఉండగా ఈ పాఠాలు గ్రంథంగా రాలేదు. మరణానంతరం 1803లో శిష్యుడు జాన్ రాబిసన్ వాటిని ప్రచురించాడు. అంతవరకూ ఈ భేదం విద్యార్థుల రాతప్రతుల ద్వారా, నోటిమాటగా ఐరోపా అంతటా వ్యాపించింది.

ఇక్కడ తెలుగు పదాన్ని గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఉష్ణం, ఉగ్రత అనే రెండు పదాలకు గుణసంధి జరిగి 'ఉష్ణోగ్రత' ఏర్పడింది. ఉష్ణం యొక్క ఉగ్రత, అంటే వేడి ఎంత ఉన్నదన్నది కాదు, ఎంత తీవ్రంగా ఉన్నదన్నది. బ్లాక్ చేసిన విభజన ఈ సమాసంలో చెక్కుచెదరకుండా ఉంది. ఆంగ్లంలో దీనికి వాడే పదానికి మూలార్థం మేళవింపు, సమపాళ్లలో కలపడం. అందులో ఈ భేదం వినిపించదు. తెలుగు పాఠకుడికి పదమే పాఠం చెబుతోంది. అయితే థర్మామీటరుకు మనలో వాడుకకు వచ్చిన 'ఉష్ణమాపకం' అన్న పేరు ఈ స్పష్టతను మళ్లీ చెరిపేసింది. ఆ సాధనం కొలిచేది ఉష్ణాన్ని కాదు, ఉష్ణోగ్రతను. ఉష్ణాన్ని నిజంగా కొలిచే సాధనానికి పేరు పెట్టవలసి వచ్చేసరికి తగిన మాట అప్పటికే ఖర్చైపోయింది. అందువల్ల అది కెలోరీమీటరుగానే మిగిలిపోయింది.

పారిస్, 1782-83 శీతకాలం

రసాయన చర్యలో వెలువడే వేడిని ఉద్దేశపూర్వకంగా, అందుకే తయారైన సాధనంతో కొలిచినవారు లావోయిజర్, లాప్లాస్. ఒకరు రసాయనవేత్త, ఒకరు గణితవేత్త. 1782-83 శీతకాలంలో వారు చేసిన ప్రయోగాల నివేదికను 1783 జూన్ 18న పారిస్‌లోని రాయల్ విజ్ఞాన అకాడమీలో చదివారు. ఉష్ణరసాయన శాస్త్రానికి ఆదిగ్రంథమని చెప్పదగిన రచన ఇదే.

సాధనం ఒకదానిలో ఒకటిగా అమర్చిన మూడు అరలు. నడిమధ్య ఇనుప తీగల బుట్ట. పరీక్షించే వస్తువును అందులో ఉంచుతారు. దాని చుట్టూ ఉన్న అరనిండా దంచిన మంచు. వస్తువు నుంచి వచ్చే వేడి ఈ మంచును కరిగిస్తే, కరిగిన నీరు అడుగున ఉన్న కుళాయి ద్వారా కిందికి దిగుతుంది. దానికీ వెలుపల ఇంకొక అర, అందులోనూ మంచే. బయటి గది వేడి లోపలికి చొరబడితే ఆ వేడిని వెలుపలి మంచు తానే తీసుకుని కరుగుతుంది, లోపలి మంచును తాకనివ్వదు. మంచును మంచుతోనే కాపలా కాయించడం ఈ సాధనంలోని తెలివి. కిందికి దిగిన నీటిని తూస్తే వేడి తూకానికి వచ్చినట్లే. బ్లాక్ కనుగొన్న దాగిన వేడి ఇక్కడ ఉపకరణమైపోయింది.

ఒక పౌండు మంచును కరిగించే వేడిని వారు ప్రమాణంగా తీసుకున్నారు. అది ఒక పౌండు నీటిని రోమర్ మానంలో 60 డిగ్రీలు, అంటే 75 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కించే వేడికి సమానమని లెక్కగట్టారు. నేటి విలువ దాదాపు 80. ఒక ఔన్సు బొగ్గు కాలితే 96 ఔన్సులకు పైగా మంచు కరిగిందని వారి ఫలితం. నేటి ప్రమాణాల్లోకి మార్చితే గ్రాముకు సుమారు 32 కిలోజౌళ్లు అవుతుంది. శుద్ధమైన గ్రాఫైటుకు నేడు అంగీకరించిన విలువ 32.8. ఈ సామీప్యంలో కొంత యాదృచ్ఛికత లేకపోలేదు, వారు కాల్చినది శుద్ధ కర్బనం కాదు. అయినా రెండు శతాబ్దాల నాటి తడిమంచు నుంచి ఈ అంకె రావడం చిన్న విషయం కాదు.

అదే బుట్టలో ఒక గినీపందిని కూడా కూర్చోబెట్టారు. పది గంటల్లో అది 13 ఔన్సుల మంచును కరిగించింది. అంత సమయంలో అది విడిచే బొగ్గుపులుసు వాయువును వేరే ప్రయోగంలో కొలిచి, అంతే వాయువు వచ్చేలా బొగ్గును కాలిస్తే ఎంత మంచు కరుగుతుందో లెక్కవేశారు. సుమారు పదిన్నర ఔన్సులు వచ్చింది. రెండు అంకెలూ ఒకటి కాకపోయినా ఒకే కోవలోవి. శ్వాస కూడా బొగ్గు కాలడం వంటిదే, నెమ్మదిగా జరిగే దహనమే అని వారు నిర్ణయించారు. ప్రాణానికీ పొయ్యికీ ఉమ్మడి కొలమానం ఏర్పడింది. జఠరాగ్ని అన్న మాటను నిత్యవ్యవహారంలో వాడే మనకు ఈ పోలిక కొత్తగా తోచకపోవచ్చు. పోలికను తక్కెడలో పెట్టడం మాత్రం కొత్తదే.

సాధనంలో లోపాలూ ఉన్నాయి. కరిగిన నీరంతా కిందికి దిగదు, మంచు ముక్కల సందుల్లో కొంత నిలిచిపోతుంది. ఇంగ్లండులో పింగాణీ పరిశ్రమాధిపతి జోసియా వెడ్జ్‌వుడ్ ఈ పద్ధతిని తానూ ప్రయత్నించి ఈ చిక్కునే ఎత్తిచూపాడు. పైగా ఇది చలికాలంలో తప్ప పనిచేయదు.

ఈ నివేదికలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచేది అంకె కాదు, ఒక వైఖరి. వేడి స్వభావాన్ని గురించి అప్పుడు రెండు మతాలు ఉండేవి. అది వస్తువుల రంధ్రాల్లోకి చొచ్చుకుపోయే సూక్ష్మద్రవమని ఒకటి, కణాల చలనమేనని రెండోది. రచయితలు రెంటినీ వివరించి, ఏది సరైనదో తాము తేల్చబోమని చెప్పారు. వేడి ఏదైనా సరే, వస్తువులను కలిపినప్పుడు దాని మొత్తం నిలిచి ఉంటుందన్నది రెండు మతాలకూ సమ్మతమే. కొలతకు అది చాలు. ఒక మార్పు జరిగినప్పుడు ఎంత వేడి వెలువడుతుందో, ఆ మార్పు వెనక్కి జరిగితే అంతే వేడి తిరిగి గ్రహించబడుతుందన్న సూత్రాన్ని కూడా వారు ఈ తటస్థ భూమిక మీదనే నిలబెట్టారు. ఆ సూత్రం నేటికీ వారి పేరుతోనే పాఠాల్లో ఉంది.

ఒక వైరి సమాసం

తటస్థత ఎక్కువకాలం సాగలేదు. 1787లో గిటన్ ద మోర్వో, లావోయిజర్, బెర్తొలే, ఫూర్‌క్రువా కలిసి రసాయన శాస్త్రానికి కొత్త నామకరణ పద్ధతిని ప్రకటించారు. వేడికి కారణమైనదానికి అందులో 'కెలోరిక్' అని పేరు వచ్చింది. 1789లో వెలువడిన లావోయిజర్ రసాయన గ్రంథంలో 33 సరళ పదార్థాల పట్టిక ఉంది. వెలుతురుతోపాటు కెలోరిక్ కూడా అందులో చేరింది. ఆయన అజాగ్రత్తగా చేర్చలేదు. కెలోరిక్ నిజంగా ఒక పదార్థమని అనుకోవలసిన అవసరం లేదనీ, కణాలను ఎడంచేసే కారణమేదో దానికి ఆ పేరనీ అదే గ్రంథంలో చెప్పాడు. కాని పట్టికలో ఆక్సిజన్ సరసన నిలిచిన మాటను పాఠకుడు ఆక్సిజన్ లాగానే చదువుతాడు. వివరణ మరుగునపడింది, పట్టిక మిగిలింది. పరిభాషా నిర్మాతలు గమనించవలసిన సంగతి ఇది.

'కెలోరీమీటరు' అన్న పేరు కూడా ఆ 1789 గ్రంథంలోనే వచ్చింది. ఒక సగం లాటిన్, ఇంకొక సగం గ్రీకు. ఈ కలగలుపు ఆక్షేపణకు గురవుతుందని లావోయిజర్‌కు తెలుసు. ఆక్షేపణ న్యాయమేనని ఒప్పుకుంటూనే, శాస్త్ర విషయంలో భావస్పష్టత కోసం భాషాశుద్ధిని కొంత వదులుకోవచ్చునని సమర్థించుకున్నాడు. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అది వైరి సమాసం. తత్సమపదాన్నీ ఆచ్ఛిక పదాన్నీ కూర్చినందుకు మన లాక్షణికులు ఎలా ముఖం చిట్లించారో, ఫ్రెంచి పండితులూ అలాగే చిట్లిస్తారని ఆయన ముందే ఊహించాడు. ఈ గ్రంథం పీఠికలో ఆయన కొందియాక్ అనే తత్వవేత్తను ఆశ్రయించి, శాస్త్రాన్ని బాగుచేయకుండా దాని భాషనూ, భాషను బాగుచేయకుండా శాస్త్రాన్నీ బాగుచేయలేమని వాదించాడు. శాస్త్రభాషను గురించి ఇంత పట్టింపు ఉన్నవాడే శుద్ధి విషయంలో ఇంత ఉదారంగా ఉండడం గమనార్హం. తెలుగులో శాస్త్రపరిభాషను గురించి జరిగిన చర్చల్లో సంస్కృత పక్షమూ అచ్చతెనుగు పక్షమూ ఆయనను తమ సాక్షిగా పిలిచే వీలు లేదు.

ఆ గ్రంథంలోని సాధనాల చిత్రపటాలను గీసినది ఆయన భార్య మరీ-ఆన్. 1794 మే 8న లావోయిజర్‌ను గిలెటిన్‌కు బలిచ్చారు. తర్వాత కొన్నేళ్లకు ఆమె కౌంట్ రమ్‌ఫర్డ్‌ను పెళ్లాడింది. ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు ఎంతసేపటికీ తరగకుండా పుట్టే వేడిని చూపి, వేడి పదార్థం కాదని 1798లో వాదించినవాడు ఈ రమ్‌ఫర్డే. ఆయన మంచును వదిలి నీటి కెలోరీమీటరును మెరుగుపరిచాడు. ప్రయోగాన్ని గది ఉష్ణోగ్రత కన్నా కొన్ని డిగ్రీలు తక్కువలో మొదలుపెట్టి, అన్నే డిగ్రీలు ఎక్కువలో ముగిస్తే, మొదటి సగంలో బయటి నుంచి వచ్చిన వేడి, రెండో సగంలో బయటికి పోయిన వేడి ఇంచుమించు చెల్లుకు చెల్లవుతాయి. కెలోరిక్ సిద్ధాంతానికి శత్రువైన వ్యక్తి కెలోరిక్ పేరు మోసే సాధనాన్ని బాగుచేశాడు.

హెస్: శక్తి నియమానికి ముందే

జెర్మేన్ హెస్ 1802లో జెనీవాలో పుట్టి, పసితనంలోనే రష్యా చేరాడు. వైద్యం చదివి, ఇర్కుట్స్క్‌లో వైద్యుడుగా పనిచేసి, తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో రసాయనవేత్త అయ్యాడు. ఆయన రష్యన్ భాషలో రాసిన రసాయన పాఠ్యగ్రంథం ఒక తరం విద్యార్థులకు ప్రామాణికమైంది. రష్యన్ రసాయన పరిభాష రూపొందడంలో ఆయన పాత్ర పెద్దది. మాతృభాష కాని భాషకు ఒక శాస్త్రపు నుడికారాన్ని కూర్చినవాడన్నమాట.

1840లో ఆయన ప్రకటించిన నియమం వెనుక ఉన్న ప్రయోగం సూటిగా ఉంటుంది. గాఢ గంధకామ్లాన్ని అమ్మోనియాతో తటస్థీకరిస్తే కొంత వేడి వస్తుంది. ఆమ్లంలో ముందే నీరు కలిపితే కలిపేటప్పుడే కొంత వేడి వస్తుంది, ఆ తర్వాత తటస్థీకరణలో వచ్చే వేడి తగ్గుతుంది. హెస్ తన ప్రమాణంలో వేసిన లెక్క ఇది: నీరు అదనంగా కలపని ఆమ్లానికి తటస్థీకరణ వేడి 595.8. కొంత నీరు కలిపినప్పుడు 77.8, ఆపై తటస్థీకరణలో 518.9, మొత్తం 596.7. మరికొంత నీరు కలిపితే 116.7, 480.5, మొత్తం 597.2. ఇంకా ఎక్కువ నీటితో 155.6, 446.2, మొత్తం 601.8. విడివిడి అంకెలు ఎంత మారినా మొత్తం దాదాపు నిశ్చలం. ఏ దారిన వెళ్లినా మొదలూ తుదీ ఒకటే అయితే వెలువడే మొత్తం వేడి ఒకటే అన్నది ఆయన నిర్ణయం. తిరుమలకు అలిపిరి మెట్ల మీదుగా వెళ్లినా, శ్రీవారి మెట్టు దారిన వెళ్లినా, ఘాట్ రోడ్డున వెళ్లినా అలసట వేరు కావచ్చు గాని కొండ ఎత్తు ఒకటే.

ఈ నియమం ఉపయోగం నేరుగా కొలవలేని చోట తెలుస్తుంది. కర్బనం కేవలం కార్బన్ మోనాక్సైడుగా మాత్రమే కాలి ఆగేటట్లు చేయడం కష్టం, కొంత ముందుకు సాగి డైయాక్సైడు అవుతుంది. కర్బనం పూర్తిగా కాలితే మోలుకు 393.5 కిలోజౌళ్లు, మోనాక్సైడు కాలితే 283.0 కిలోజౌళ్లు వెలువడతాయి. రెండూ కొలవగలిగినవే. తేడా 110.5. కొలవలేని మెట్టు ఎత్తు తీసివేతలో దొరికింది.

కాలక్రమాన్ని ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. శక్తి రూపాంతరాలను గురించి మేయర్ వ్యాసం 1842లో వచ్చింది. జౌల్ ప్రయోగఫలితాలు 1843 నుంచి వెలువడ్డాయి. హెల్మ్‌హోల్ట్జ్ ప్రసిద్ధ రచన 1847 నాటిది. హెస్ నియమం వీటన్నిటికీ ముందుది. అది శక్తి నిత్యత్వం నుంచి పుట్టిన ఉపసిద్ధాంతం కాదు. వేడిని రసాయన సంయోగంలో ఒక భాగస్వామిగా భావించి, వెలువడిన వేడి పదార్థాల మధ్య ఆకర్షణకు కొలత అవుతుందని ఆశించిన మనిషికి తూకంలో దొరికిన ఫలితం. తార్కికంగా తర్వాత రావలసినది చారిత్రకంగా ముందు వచ్చింది. తరగతిలో తార్కిక క్రమంలో బోధించడం సౌకర్యమే, అందులో తప్పు లేదు. ఆ క్రమాన్నే చరిత్రగా రాసినప్పుడు హెస్ చేసిన పని కనిపించకుండా పోతుంది. ఆయన 1850లో, యాభై ఏళ్లు నిండకుండానే మరణించాడు.

బెర్తెలో బాంబు

వెలువడిన వేడే రసాయన ఆకర్షణకు కొలత అన్న ఆశను హెస్ తర్వాత ఇద్దరు పెద్దయెత్తున పట్టుకున్నారు. కోపెన్‌హేగన్‌లో జూలియస్ థామ్సెన్ 1854లో ఈ భావాన్ని ప్రతిపాదించాడు. పారిస్‌లో మార్సెలిన్ బెర్తెలో దాన్ని గరిష్ఠ కార్య సూత్రంగా స్థిరపరిచి 1879 నాటి తన రెండు సంపుటాల గ్రంథానికి పునాది చేశాడు. బయటి శక్తి జోక్యం లేకపోతే ఏ రసాయన వ్యవస్థ అయినా అత్యధిక వేడి వెలువడే దిశగానే సాగుతుందని దాని భావం. సూత్రం ఎవరిదన్న విషయంలో ఇద్దరికీ పడలేదు. ఆ పోటీలో ఇద్దరూ జీవితాంతం కొలుస్తూ పోయారు. థామ్సెన్ ఫలితాలు 1882-86 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చాయి.

సూత్రం తప్పు. అందుకు నవాసారమే సాక్షి. ఎవరూ బలవంతం చేయకుండానే అది నీటిలో కరుగుతుంది, కరుగుతూ వేడిని విడవకపోగా తీసుకుంటుంది. ఇటువంటివి భౌతిక మార్పులనీ, రసాయన మార్పులు కావనీ బెర్తెలో పక్కకు తోశాడు. మినహాయింపులు పెరిగేకొద్దీ నిర్వచనం కుదించుకుంటూ పోవడం సిద్ధాంతానికి మంచి శకునం కాదు. 1870లలో అమెరికాలో గిబ్స్, 1882లో హెల్మ్‌హోల్ట్జ్, 1884లో వాంట్ హాఫ్ వేర్వేరు దారుల్లో చూపినదేమంటే, చర్య దిశను నిర్ణయించేది వెలువడిన వేడి ఒక్కటే కాదు, ఎంట్రోపీతో కలిపి చూడవలసిన వేరొక పరిమాణం.

అప్పటికి బెర్తెలో ఫ్రాన్సులో మహాప్రముఖుడు. తర్వాతి కాలంలో విద్యామంత్రి, విదేశాంగమంత్రి కూడా అయ్యాడు. గరిష్ఠ కార్య సూత్రాన్ని ఖండిస్తూ పియేర్ డ్యూయెమ్ అనే యువకుడు సమర్పించిన సిద్ధాంత వ్యాసం తిరస్కరణకు గురైంది. దాన్ని అతడు 1886లో పుస్తకంగా ప్రచురించాడు. డ్యూయెమ్ లీల్, రెన్, బోర్డో నగరాల్లో ఉద్యోగం చేశాడు గాని పారిస్‌లో మాత్రం ఆయనకు ఆచార్యపదవి దక్కలేదు. పరీక్షకుడి సిద్ధాంతాన్ని పరిశోధకుడు ఖండించిన సందర్భాల్లో ఏమవుతుందో విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

అయినా బెర్తెలోను ఈ ఒక్క కథతో కొట్టివేయడం అన్యాయం. 1881లో ఆయన రూపొందించిన బాంబు కెలోరీమీటరు ఈ రంగంలో లావోయిజర్ మంచు పాత్ర తర్వాత అంతటి మెట్టు. లోపల ప్లాటినం పూత ఉన్న దృఢమైన ఉక్కు పాత్రలో పరీక్ష పదార్థాన్ని ఉంచి, అధిక పీడనంలో ఆక్సిజన్ నింపి, బిగించి, నీటిలో ముంచుతారు. విద్యుత్తుతో ఎర్రబారిన సన్నని తీగ పదార్థాన్ని అంటిస్తుంది. పుష్కలమైన ఆక్సిజన్‌లో క్షణాల్లో పూర్తిగా కాలిపోతుంది. మసి మిగలదు, మోనాక్సైడు చిక్కు ఉండదు, వాయువు తప్పించుకుపోదు. చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూడటమే మిగిలిన పని.

1906లో నెర్న్‌స్ట్ తన ఉష్ణ సిద్ధాంతంతో ఈ కథకు ఊహించని మలుపు ఇచ్చాడు. పరమశూన్య ఉష్ణోగ్రతను సమీపించేకొద్దీ బెర్తెలో సూత్రం యథార్థానికి చేరువవుతుందని దాని నుంచి తేలింది. అంతకన్నా ముఖ్యంగా, చర్యల వేడినీ విశిష్టోష్ణాలనూ సరిగ్గా కొలిచి ఉంటే వాటి నుంచే రసాయన సమతాస్థితిని లెక్కగట్టవచ్చునని తేలింది. తప్పుడు సూత్రాన్ని నిరూపించడానికి పోగుచేసిన అంకెలు సరైన సిద్ధాంతానికి ముడిసరుకయ్యాయి. అంకెలు ఎవరి పక్షమూ వహించలేదు.

మనకు దక్కిన మాటలు

రసాయన చర్యలను వేడి బయటికి, వేడి లోపలికి అన్న అర్థంలో రెండుగా పేర్కొనే గ్రీకు పదాలను రూపొందించినవాడు బెర్తెలోనే. తెలుగులో అవి ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక చర్యలయ్యాయి. గ్రీకు పదాల్లో దిశ మాత్రమే ఉంది. మన పదాల్లో క్రియ కూడా చేరింది. మోచనం అంటే విడిపించడం, బంధించి ఉన్నదాన్ని వదలడం. కర్బనంలో వేడి ఎక్కడో కట్టుబడి ఉండి కాలినప్పుడు విడుదలైందన్న చిత్రం ఈ మాటలో ఉంది. అది అచ్చంగా కెలోరిక్ చిత్రం. గుప్తోష్ణం సంగతీ అంతే. నేటి శాస్త్రం ప్రకారం మంచు కరిగేటప్పుడు వేడి దాక్కోదు, అణువుల మధ్య బంధాలను సడలించడంలో శక్తిగా వినియోగమవుతుంది. వేడి అన్నది వస్తువులో నిలవ ఉండే సరుకు కాదు, ఉష్ణోగ్రతా భేదం వల్ల ఒక వస్తువు నుంచి మరొకదానికి బదిలీ అయ్యే శక్తికి పేరు.

అలాగని ఈ పదాలను మార్చాలని నేను ప్రతిపాదించడం లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాల ద్వారా తరతరాల విద్యార్థుల నాలుకల మీద నిలిచిన మాటలవి. ఉష్ణమోచకం అన్నది విన్నవెంటనే అర్థమవుతుంది, అది చిన్న గుణం కాదు. మాతృకలోని పదమే పాత సిద్ధాంతపు మచ్చను మోస్తున్నప్పుడు అనువాదం నుంచి మచ్చలేనితనాన్ని ఆశించడం కూడా తగదు. మనకు కావలసినది పదకోశాల్లో మాటకు మాట ఇచ్చి ఊరుకోకుండా, ఆ మాట ఏ సిద్ధాంతం నీడలో పుట్టిందో రెండు వాక్యాల్లో చెప్పే అలవాటు. ఎంథాల్పీ విషయంలో మనం అసలు అనువాదమే చేయలేదు. కామర్లింగ్ ఓన్స్ పెట్టిన ఆ పేరుకు గ్రీకులో లోలోపల వేడెక్కడమన్న అర్థం ఉంది. తెలుగు లిపిలో అది ఏ అర్థమూ ఇవ్వదు, కాబట్టి ఏ తప్పు అర్థమూ ఇవ్వదు. అర్థవంతమైన పదం దారి తప్పించగలదు, అర్థంలేని పదం ఏ దారీ చూపదు. ఈ రెంటిలో ఏది మేలన్నది ప్రతి పదానికీ విడిగా తేల్చుకోవలసిన విషయమే గాని ఒక్క సూత్రంతో తేలేది కాదు.

శాస్త్ర ప్రపంచంలో వేడికి ప్రమాణంగా జౌల్‌ను 1948లోనే అంతర్జాతీయ కొలతల మహాసభ నిర్ణయించింది. కెలోరీ మాత్రం పోలేదు. మన దేశంలో 2012 జనవరి నుంచి బొగ్గును స్థూల కెలోరిఫిక్ విలువను బట్టి జి-1 నుంచి జి-17 వరకు శ్రేణులుగా విభజిస్తున్నారు. కిలోకు 7000 కిలోకెలోరీలకు పైబడితే మొదటి శ్రేణి, 2201 నుంచి 2500 లోపు అయితే చివరిది. నడుమ శ్రేణికీ శ్రేణికీ 300 కిలోకెలోరీల తేడా. కొత్తగూడెం కేంద్రంగా ఉన్న సింగరేణి గనుల బొగ్గుకూ ఇదే లెక్క. బొగ్గు నమూనాను దంచి, బాంబులో పెట్టి, కాల్చి, నీటి ఉష్ణోగ్రత చూసి శ్రేణి తేలుస్తారు. 'స్థూల' అనడానికీ కారణం ఉంది. బిగించిన పాత్రలో బొగ్గు కాలినప్పుడు పుట్టిన ఆవిరి అక్కడే నీరుగా మారుతుంది, మారుతూ తన గుప్తోష్ణాన్ని కూడా లెక్కలో కలుపుతుంది. నిజమైన కొలిమిలో ఆవిరి పొగగొట్టం గుండా పైకి పోతుంది, ఆ వేడి ఎవరికీ దక్కదు. గ్లాస్గోలోని రెండు గాజుబుడ్ల మధ్య బ్లాక్ లెక్కకట్టిన ఆ దాగిన వేడికి నేటి బొగ్గు బేరంలో ధర ఉంది.